లేపాక్షి చూసివచ్చిన అమ్మాయి, థర్మల్ కెమెరా కోర్సు, నాన్నగారి భయం

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో స్థిరపడిన తెలుగువాళ్ళం. మా అమ్మాయి బి.ఎస్సీ. ఫిజిక్స్ మూడవ సంవత్సరం చదువుతోంది. హిందూపురంలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు లేపాక్షి చూసివచ్చింది. అప్పటినుంచి పాత చిత్రాల, విగ్రహాల సంరక్షణలోకి వెళతానంటోంది. థర్మల్ ఇమేజింగ్‌లో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ప్రకటన చూశాను. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలట. అది చేయించమంటారా, ఎమ్మెస్సీ డేటా సైన్స్‌లో చేర్పించమంటారా? పోల్చి చెప్పండి. బంధువులు ‘ఇదేం చదువు’ అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: అయ్యా, ముందుగా ఆ అడ్వాన్సు కట్టకండి. మీరు రెండు కోర్సులను పోల్చమన్నారు గానీ, మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. ఆ వాక్యం నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో చాలామంది నోట విన్నదే. దానికి తరువాత వస్తాను.

థర్మల్ కెమెరా చేసే పని చెప్పడానికి సులువైనది. లేపాక్షి మండపం పైకప్పున ఉన్న పదహారవ శతాబ్దపు చిత్రాలను రాతి మీద నేరుగా గీయలేదు, రాతికి పట్టించిన గారపూత మీద గీశారు. ఇటువంటి పూత కాలక్రమంలో రాతి నుంచి విడివడితే మధ్యలో సన్నని గాలిపొర ఏర్పడుతుంది. ఉపరితలాన్ని కొద్దిగా వేడిచేస్తే, పూత అతుక్కొని ఉన్నచోట ఆ వేడి వెనుకనున్న రాతిలోకి ఇంకిపోతుంది, విడివడినచోట గాలి అడ్డుపడడం వల్ల పైనే నిలిచిపోతుంది. ఆ తేడాను 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాల ద్వారా కెమెరా పట్టుకొంటుంది. సంరక్షకులు తరతరాలుగా వేళ్ళతో మెల్లగా తట్టి, డొల్ల శబ్దం విని చేస్తున్న నిర్ధారణనే ఇది చిత్రాన్ని ముట్టుకోకుండా చేస్తుంది. గోడలోని చెమ్మ సంగతీ ఇటువంటిదే. మట్టికుండలో నీరు చల్లబడడానికి ఏది కారణమో, తడిసిన గోడ భాగం కెమెరాలో చల్లగా కనిపించడానికీ అదే కారణం.

కష్టమంతా ఆ తరువాత మొదలవుతుంది, మూడు నెలల కోర్సు మీద నా అనుమానమూ అక్కడే. కెమెరా పట్టుకోవడం ఒక వారంలో వస్తుంది. తెర మీద కనిపించే ఎర్రమచ్చ పూత విడివడడం వల్ల వచ్చిందా, పాత మరమ్మతులో వాడిన సిమెంటు వల్ల వచ్చిందా, పొద్దున ఆ మూలన పడిన ఎండ వల్ల వచ్చిందా అన్నది తేల్చడానికి ఏళ్ళు పడుతుంది. మెరుగుపెట్టిన కంచు విగ్రహం ముందు కెమెరా పెడితే కొత్తవారికి ఒక వెచ్చని మచ్చ కనిపిస్తుంది. అది చాలాసార్లు విగ్రహంలోని లోపం కాదు, ఎదుట నిలబడిన మనిషి ఒంటి వేడి అద్దంలో వలె ప్రతిఫలించడం. తంజావూరు చిత్రాలలోని బంగారు రేకు కూడా ఇలాగే మోసం చేస్తుంది. పైగా అటువంటి వస్తువును పరీక్ష కోసం ఎంత వేడిచేయవచ్చునో తెలియనివారు, కాపాడవలసిన దానినే పాడుచేయగలరు.

మీరు పంపిన ప్రకటనలో, రంగుల కింద దాగిన తొలి రేఖలను థర్మల్ కెమెరా చూపిస్తుందని రాశారు. దానికి సాధారణంగా వాడేది ఇన్‌ఫ్రారెడ్ రిఫ్లెక్టోగ్రఫీ, అంటే వస్తువు వేడిని కాక, దాని మీద పడి తిరిగివచ్చే పరారుణ కాంతిని పట్టే పద్ధతి. దాని పరికరమూ వేరు, తరంగదైర్ఘ్యమూ వేరు. ఈ తేడా తెలియకుండా కరపత్రం వేసినవారు మీ అమ్మాయికి ఏమి నేర్పుతారో నేను చెప్పనక్కరలేదు.

ఈ రంగంలో పెద్ద పేర్లు కూడా కెమెరా ఒక్కదానినే నమ్ముకోలేదు. 2015లో గిజాలోని ఖుఫు పిరమిడ్ తూర్పు ముఖాన కొన్ని రాళ్ళు పక్కరాళ్ళ కన్నా వేడిగా ఉన్నాయని థర్మల్ పరిశీలనలో తేలినప్పుడు ఆ వార్త ప్రపంచమంతా పాకింది. కానీ పిరమిడ్ లోపల పెద్ద ఖాళీ ఉందని 2017లో ప్రకటించినది, ఆకాశం నుంచి వచ్చి రాళ్ళగుండా దూసుకుపోగల మ్యూయాన్ అనే సూక్ష్మ కణాల పరిశీలన ఆధారంగా.

కాబట్టి అమ్మాయి ముందు ఫిజిక్స్‌ను గాని, మెటీరియల్ సైన్స్‌ను గాని ఎమ్మెస్సీ వరకు గట్టిగా చదవాలి. లేదా సంరక్షణనే ప్రధానంగా ఎంచుకొని, ఒకప్పటి నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్, నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ వంటి చోట పీజీ చేయాలి. ఇందుకు మీరున్న నగరం కన్నా అనువైనది దక్షిణాదిలో నాకు కనిపించదు. ఐఐటీ మద్రాసులో వస్తువును పాడుచేయకుండా పరీక్షించే విద్యకు ఒక కేంద్రమూ, వారసత్వ కట్టడాల భద్రతకు ఒక జాతీయ కేంద్రమూ ఉన్నాయి. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో 1930 నుంచి రసాయన సంరక్షణ ప్రయోగశాల నడుస్తోంది. కల్పాక్కం అణు పరిశోధన కేంద్రపు శాస్త్రవేత్తలు దక్షిణాది కంచు విగ్రహాలను ఇటువంటి పద్ధతులతోనే పరిశీలించారు. పరీక్షా పద్ధతులకు గుర్తింపునిచ్చే ఇండియన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ ప్రధాన కార్యాలయం కూడా చెన్నైలోనే ఉంది. సర్టిఫికెట్టే కావాలంటే డిగ్రీ తరువాత అటువైపు చూడండి.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. మ్యూజియాలలో, పురావస్తు శాఖలో పోస్టులు తక్కువ, ప్రకటనలు ఎప్పుడో గాని రావు. ఎక్కువ పని ప్రాజెక్టుల మీద, ఒప్పందాల మీద సాగుతుంది. అయితే ఈ విద్య ఒక్క గుడి గోడకే పరిమితం కాదు. కరెంటు ప్యానెళ్ళలో వేడెక్కే కనెక్షన్లకూ, సోలార్ పలకలకూ, అపార్ట్‌మెంట్ల నీటి కారుదలకూ, రిఫైనరీల పైపులకూ పనికివచ్చేది ఈ భౌతికశాస్త్రమే. సంరక్షణలో అవకాశం ఆలస్యమైనా, ఎన్నూరు, మణలి పారిశ్రామిక వాడలలో థర్మోగ్రఫీ తెలిసిన మనిషికి పని దొరుకుతుంది. మీ అమ్మాయి జీవనోపాధి లేక మిగిలిపోతుందన్న భయం మానుకోండి.

డేటా సైన్స్ చెడ్డదేమీ కాదు. ఇష్టంతో చేరినవారు బాగానే ఉన్నారు. బంధువులకు సమాధానం చెప్పడం కోసం చేరినవారిలో కొందరు రెండో సెమిస్టర్ తరువాత ఇదే కుర్చీలో కూర్చొని నా ముందు కన్నీళ్ళు పెట్టుకొన్నారు.

మరొక్క మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో అడ్వాన్సు ఉంది, గడువు తేదీ ఉంది, బంధువుల మాట ఉంది. లేపాక్షిలో ఆ పిల్లను కదిలించినది ఏమిటో మాత్రం లేదు. మీరు అడిగి ఉంటే రాసేవారే కదా! ఇరవై ఏళ్ళ పిల్ల భవిష్యత్తును ఆమెను అడగకుండా నిర్ణయించి, ఆ నిర్ణయం మీద నా సంతకం కోరడం భావ్యం కాదు.

ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా ఏదో ఒక రోజున ఇద్దరూ కలిసి అక్కడి కంచు విగ్రహాల గ్యాలరీకి వెళ్ళండి, ఆమె చెప్పేది వినండి. తరువాత నా దగ్గరకు ఆమెను ఒంటరిగా పంపండి.