మూడు సభల పార్లమెంటులో నాలుగో గీత

ప్రశ్న: దక్షిణాఫ్రికా పార్లమెంటులో ఒకప్పుడు భారతీయులకు విడిగా ఒక సభ ఉండేదని చదివాను. అంటే వర్ణవివక్ష ప్రభుత్వం మనవాళ్లను కాస్త బాగానే చూసిందనుకోవాలా? ఇప్పుడు ఆ సభ ఏమైంది?
– డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక పాఠకురాలు

జవాబు: సభ ఉన్న మాట నిజమేనమ్మా. బాగా చూశారన్నదే నిజం కాదు.

1984లో నేను ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. ఆ ఏడాదే అక్కడ కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మా మాస్టారు నల్లబల్ల మీద మూడు గీతలు గీసి, పక్కనే మూడు అంకెలు వేశారు. శ్వేతజాతీయుల సభకు 178, ‘కలర్డ్’ అని అక్కడి చట్టం ముద్ర వేసిన మిశ్రమ జాతివాళ్ల సభకు 85, భారతీయుల సభకు 45. చివరి రెండూ కూడమన్నారు. 130 వచ్చింది. ఆ రెండు సభలూ ఒక్కటైనా మొదటి అంకెను అందుకోలేవు. తర్వాత నాలుగో గీత గీసి, పక్కన సున్నా పెట్టారు. జనాభాలో అత్యధికులైన నల్లజాతీయులకు ఇచ్చిన సీట్లు అవి. ఇంకేమీ చెప్పకుండా కాసేపు అలాగే నిలబడ్డారు.

అధ్యక్షుణ్ణి ఎన్నుకునే 88 మందిలోనూ ఇదే లెక్క: 50, 25, 13. బడులు, ఇళ్లు లాంటివి మాత్రం ‘సొంత వ్యవహారాలు’ అని ఆయా సభలకు వదిలారు. సైన్యం, పోలీసు ‘సాధారణ వ్యవహారాలు’. వాటిలో సభలకు పొత్తు కుదరకపోతే అధ్యక్ష మండలి (సభలు ఎన్నుకున్నవాళ్లు, అధ్యక్షుడు నియమించినవాళ్లు ఉండే మండలి) తీర్పు చెబుతుంది. ఆ మండలిలోనూ పాలక నేషనల్ పార్టీదే పైచేయి. 1986లో పోలీసులకు మరిన్ని అధికారాలిచ్చే భద్రతా బిల్లుల్ని మిగతా రెండు సభలూ కాదన్నాయి. అయినా మండలి ద్వారా వాటిని చట్టాలు చేసేసుకున్నారు. కాదన్నా చెల్లని సభ ఇచ్చి ఏం లాభం చెప్పు?

అంకెల్ని ఇలా అమర్చుకోవడం వాళ్లకు కొత్తేం కాదు. కేప్ ప్రాంతంలో 1853 నుంచి ఆస్తి అర్హత ఉంటే రంగుతో పనిలేకుండా ఓటుండేది. 1936లో నల్లజాతీయుల్ని ఉమ్మడి ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. తర్వాత కలర్డ్ ఓటర్ల వంతు వచ్చింది. దానికి కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీ లేకపోయేసరికి 1955లో అప్పటి ఎగువ సభ అయిన సెనేట్‌ను 48 మంది నుంచి 89కి పెంచి, తమవాళ్లతో నింపుకున్నారు. మరుసటి ఏడాదే పని పూర్తయింది.

అక్కడి భారతీయులు ఇదంతా చూస్తూ బతికినవాళ్లే. 1860 నుంచి నటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల సంతతి వాళ్లలో ఎక్కువమంది. తెలుగువాళ్లూ ఉన్నారు. భారతీయుల్ని కొత్తగా ఓటర్ల జాబితాలో చేరనివ్వకుండా నటాల్‌లో 1896లోనే చట్టం చేశారు. అలాంటి చోట 1984 ఆగస్టులో “రండి, మీ సభకు ఓటేయండి” అని పిలిస్తే, నమోదైన ప్రతి ఐదుగురిలో సుమారు ఒక్కరే వెళ్లారు. ఎన్నికల్ని బహిష్కరించమని, వర్ణవివక్షను ఎదిరించే సంఘాల కూటమి అయిన యునైటెడ్ డెమొక్రటిక్ ఫ్రంట్ ఊరూరా తిరిగి చెప్పింది. పొరుగువాడికి లేని ఓటు మాకెందుకని ఇంట్లో ఉండిపోయిన వాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

నా మొదటి పాస్‌పోర్టు దక్షిణాఫ్రికాకు చెల్లదని అందులోనే రాసి ఉండేది. చివరికి 2017లో కేప్‌టౌన్ వెళ్లి, ప్లెయిన్ స్ట్రీట్ వైపు నుంచి పార్లమెంటులోకి అడుగుపెట్టాను. వర్ణవివక్ష చట్టాలెన్నో చేసిన పాత సభామందిరం చూశాను. చెక్క బల్లలు, తోలు సీట్లు, నిశ్శబ్దం. 2022 జనవరి 2న రేగిన మంటల్లో అదీ, నేషనల్ అసెంబ్లీ భవనమూ బాగా దెబ్బతిన్నాయని విన్నప్పుడు మనసు కలుక్కుమంది. అక్కడ జరిగిన తప్పులకు ఆ గదే సాక్ష్యం కదా.

ఇప్పటి సంగతి. 1994లో తొలిసారి అందరూ ఓటేశారు, జాతికో సభ అన్నది పోయింది. నేషనల్ అసెంబ్లీలో 400 మంది. ఓట్ల నిష్పత్తిని బట్టి పార్టీలకు సీట్లు వస్తాయి. అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకోరు, ఈ 400 మందే ఎన్నుకుంటారు. ఎన్నికైనవారు సభ్యత్వం వదులుకోవాలి. రెండో సభ రాష్ట్రాల జాతీయ మండలి. తొమ్మిది రాష్ట్రాలకూ, పెద్దవైనా చిన్నవైనా, తలా పదిమంది. రాష్ట్రాలకు సంబంధించిన బిల్లులపై ఒక్కో రాష్ట్రానికి ఒక్కటే ఓటు.

భారతీయుల సభ ఏమైందన్నావు కదా. 1994లో కొత్త పార్లమెంటుకు తొలి స్పీకర్‌గా ఎన్నికైన ఫ్రీన్ జిన్‌వాలా భారతీయ సంతతి మహిళే. 45 మంది సభకు కాదమ్మా, 400 మంది సభకు.