ట్రీట్‌మెంట్ అయిపోయింది, భయం పోలేదు.. పెట్ స్కాన్ చేయించుకోవాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది హనుమకొండ. నిరుడు ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. రొమ్ము ఉంచారు కానీ చంకలో గ్రంథులు తీశారు. కీమో, కరెంటు (రేడియేషన్) అయిపోయి నాలుగు నెలలైంది. రోజూ టామోక్సిఫెన్ గోలీ వేసుకుంటున్నా. మొన్న చెకప్‌కు పోతే డాక్టర్ చేత్తో చూసి, నాలుగు మాటలు అడిగి మూడు నెలలకు రమ్మన్నారు. స్కాన్ ఏదీ రాయలేదు. నడుం నొప్పి వచ్చినా మళ్లీ అదేనేమోనని రాత్రంతా నిద్ర ఉండదు. మా తమ్ముడు హైదరాబాద్ పోయి ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ చేయించుకుందాం అంటున్నాడు. చేయించుకోవాలా? నాకు పూర్తిగా తగ్గినట్టేనా?

డాక్టర్ సలహా: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తా. కనిపించిన జబ్బును ఆపరేషన్‌లో తీసేశారు. కనిపించని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి కోసమే కీమో, కరెంటు ఇచ్చారు. ఇప్పుడు గోలీ నడుస్తున్నదీ అందుకే. ఇక జన్మలో రాదని మాత్రం ఏ డాక్టరూ రాసివ్వలేడు. ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. కానీ ‘ఏం కాదులే’ అని పంపిస్తే, రేపు అర్ధరాత్రి నడుం నొప్పి లేచినప్పుడు ఆ మాట మీకు అక్కరకు రాదు.

కీమో రోజుల్లో ఇవాళ రక్తపరీక్ష, రేపు సెలైన్ అని ఏదో ఒక పని ఉండేది. అవన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఇంట్లోవాళ్లు గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాక మీకు భయం మొదలైంది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ట్రీట్‌మెంట్ నడుస్తున్నప్పుడు ఏడవరు, అయిపోయాకే ఏడుస్తారు. మీరు పిరికివాళ్లేం కాదు.

స్కాన్ రాయకపోవడం నిర్లక్ష్యం కాదు. ఇటలీలో ఒక్కోదానిలో 1,200 మందికి పైగా ఆడవాళ్లతో చేసిన అధ్యయనాలు రెండు 1994లో వచ్చాయి. ఏ బాధా లేకున్నా ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే పదే పదే తీయించుకున్నవాళ్లు, మామూలు చెకప్‌తో ఉన్నవాళ్ల కన్నా ఎక్కువ కాలమేమీ బతకలేదు. పెట్ స్కాన్‌లో పాత టీబీ మచ్చ, చిన్న ఇన్ఫెక్షన్ కూడా వెలుగుతాయి. అదేంటో తేల్చడానికి మళ్లీ సూది పరీక్ష, ఇంకో నెల టెన్షన్. ఏమీ లేదని వచ్చినా ఆ ధైర్యం తర్వాతి నొప్పి దాకానే.

డాక్టర్ చేత్తో చూశారన్నారే, అదే అసలు చెకప్. కుట్టు దగ్గర, రెండు రొమ్ముల్లో, చంకల్లో, మెడ ఎముక పైన వేళ్లతో వెతుకుతారు. మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి ఇది తప్పనిసరి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఏటా తీయాలి. మొదటిది కరెంటు అయ్యాక కనీసం ఆరు నెలలు ఆగి తీస్తారు, అంటే మీకు ఇంకా రెండు నెలలైనా టైం ఉంది.

నడుం నొప్పికి ఒక లెక్క పెట్టుకోండి. ఎప్పుడు మొదలైందో క్యాలెండర్‌లో గీత గీయండి. బిందె మోసినందుకు వచ్చింది మామూలుగా కొద్ది రోజుల్లో దిగుతుంది. రెండు వారాలైనా తగ్గకపోయినా, రోజురోజుకు పెరుగుతున్నా, నిద్రలోంచి లేపుతున్నా మూడు నెలల గడువు చూడకుండా వెళ్లండి. స్కాన్ అవసరమయ్యేది అప్పుడు. కొత్త గడ్డ, తగ్గని దగ్గు కనిపించినా అంతే. కాళ్లలో బలం తగ్గినా, ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అదే రోజు పోవాలి. నెలసరి కాని సమయంలో రక్తం కనిపిస్తే గైనకాలజిస్టుకు చూపించండి. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని గోలీ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మీరు అడగలేదు కానీ, చేయి సంగతి చెప్పాలి. పరకాల వైపు నుంచి ఒకావిడ వచ్చేది, పత్తి ఏరే మనిషి. బతుకమ్మకు గాజులు మార్చుకుందామంటే ఆపరేషన్ వైపు చేతి గాజులు ఊడిరాలేదు. నెల నుంచీ బిగుతుగానే ఉన్నాయట, ఒళ్లు చేశాననుకుంది. చంకలో గ్రంథులు తీసిన చేతికి వాపు ఇలాగే, చప్పుడు లేకుండా మొదలవుతుంది. గాజు బిగిసిన రోజే వస్తే వ్యాయామం, బిగుతు తొడుగుతో అదుపు చేయొచ్చు. ఆ చేతిని వాడకుండా ఉంచకండి, పని మెల్లమెల్లగా పెంచండి. గీరుకుంటే సబ్బుతో కడగండి. చేయి ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే ఆ రోజే మందు పడాలి.

నిద్ర పట్టక రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. నిద్రకో, దిగులుకో ఎవరైనా మందు రాస్తే టామోక్సిఫెన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి. కొన్ని మందులు దాని పనిని తగ్గిస్తాయి.

తమ్ముణ్ని స్కాన్‌కు కాదు, వచ్చే చెకప్‌కు తోడు రమ్మనండి. ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టు, హార్మోన్ రిపోర్టు పట్టుకెళ్లి, మళ్లీ వచ్చే అవకాశం నాకెంత అని అవి ముందు పెట్టుకునే అడగండి. ఆ రిపోర్టులు చూడకుండా నేను ఇక్కడి నుంచి అంకె చెప్పలేను, మీ డాక్టర్ చెప్పగలరు.