పెరట్లో గడ్డి మందు కొట్టాం... టమాటా ఆకులు తాళ్లలా పురి తిరిగాయి

ప్రశ్న: ఇంటి వెనక రెండు వందల గజాల పెరడు ఉంది. టమాటా, బెండ, తోటకూర, కరివేపాకు వేసుకున్నాం. గరిక, వయ్యారిభామ పెరిగిపోతుంటే మా మరిది పొలంలో వరికి వాడగా మిగిలిన గడ్డి మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి తెచ్చాడు. నడక దారి పక్కన మాత్రమే కొట్టాం. వారానికి టమాటా, బెండ ఆకులు ముడుచుకుపోయాయి. కోళ్లు అక్కడే తిరుగుతాయి. తోటకూర వండుకోవచ్చా?
- ఒక గృహిణి, నల్గొండ జిల్లా

జవాబు: వండకండమ్మా. ఆ మందుకు పెరటి తోటకూర మీద ఎలాంటి సిఫారసూ లేదు, ఎన్నాళ్లు ఆగి కోయాలో చెప్పే లెక్కా లేదు. పీకి గుంటలో పూడ్చేయండి. మేకలకు వేయొద్దు, ఎరువు కుప్పలో కలపొద్దు.

మీరు పంపిన ఫోటోల్లో టమాటా కొన ఆకులు సన్నబడి తాడులా మెలి తిరిగాయి, బెండ లేత ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. వయ్యారిభామ వంకర్లు తిరిగి వాలిపోయింది. పక్కనే గరిక మాత్రం పచ్చగా నవ్వుతోంది! దీన్నిబట్టి అది 2,4-డి అనుకుంటున్నాను. వరిలో వెడల్పాకు కలుపు కోసం కొట్టేది అదే, గడ్డి జాతిని అది పెద్దగా ఏమీ చేయదు. గ్లైఫోసేట్ అయితే గరిక కూడా మెల్లగా పసుపెక్కేది. పారాక్వాట్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే తడిసిన ఆకు కాలినట్టు ఎండేది. టమాటా, బెండ, పత్తి 2,4-డి తుంపరకే తట్టుకోలేవు. ఎండకు ఆవిరై గాలిలో తేలి వచ్చే రకాలు కూడా ఉన్నాయి. అందుకే దారి పక్కన కొట్టిన మందు మడి దాకా వచ్చింది.

నాకు మొక్కల కంటే ఆ కూల్‌డ్రింక్ సీసా మీదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అందులో ఉన్నది 2,4-డి అన్నది నా అంచనా మాత్రమే. పారాక్వాటే అయితే? ఒక్క గుక్క చాలు ప్రాణం తీయడానికి, దానికి విరుగుడు లేదు. దాహంతో వచ్చిన పిల్లాడికి అది కూల్‌డ్రింకే. ఇవాళే దాని మీద విషం అని రాసి, తాళం వేసిన చోట పెట్టి, మరిది గారికి తిరిగి ఇచ్చేయండి. బోరు దగ్గరో కాలువలోనో పారబోయొద్దు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి అయ్యేదాకా చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

షాపులో గ్లైఫోసేట్ అడుగుదామనుకుంటున్నారేమో! మన దేశంలో దాన్ని సిఫారసు చేసింది టీ తోటలకు, పంట లేని చోట్లకు. 2022 అక్టోబరులో కేంద్రం, పురుగుల నివారణ చేసే లైసెన్సుదారులే దాన్ని వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ జాబితాలో పెట్టింది, అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. ఆ వాదన తేలినా తేలకపోయినా, పిల్లలు కోళ్లతో ఆడుకునే పెరట్లో దానికి పని లేదన్నది నా అభిప్రాయం.

కోళ్లను రెండు వారాలు అటు పోనివ్వకండి. గలిజేరు, పాయలాకు, గునుగు కూరకు కోసుకునే అలవాటుంటే ఆ దారి పక్కన ఈ సీజన్‌కు మానేయండి. స్ప్రేయర్‌ను సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగినా సరే, మళ్లీ కూరగాయలకు వాడొద్దు. మా క్షేత్రంలోనే ఒకసారి కడిగామన్న ధీమాతో వంగకు పురుగు మందు కొట్టి, వరుస మొత్తం పాడు చేసుకున్నాం.

మళ్లీ విత్తే ముందు చిన్న పరీక్ష చేయండి. మడిలోని పైమట్టి ఒక కుండీలో, దూరంగా ఉన్న మంచి మట్టి ఇంకో కుండీలో నింపి, రెండింటిలో నాలుగేసి అలసంద గింజలు నాటండి. రెండు వారాలకు రెండు కుండీల మొలకలూ ఒకేలా ఉంటే విత్తుకోండి. మడి మట్టిలో ఆకులు మెలి తిరిగితే మట్టి తిరగేసి, నీళ్లు పెట్టి, నెల ఆగి మళ్లీ చూడండి.

ఇక కలుపు. వయ్యారిభామను పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో లాగండి. గరికను పారతో తవ్వి, కణుపు ముక్కలు ఏరి ఎండబెట్టాలి, ఒక్క ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. మడుల మధ్య వరిగడ్డి నాలుగు అంగుళాల మందాన పరవండి. దారిలో ఇటుకల సందుల్లో మరిగే నీళ్లు పోస్తే సరిపోతుంది. ఉప్పు, వెనిగర్ కలిపి పోయమనే వీడియోలు చూసి ఉంటారు. అలా పోస్తే గడ్డితోపాటు నేలా చౌడు బారుతుంది.