ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) సర్జరీ అయి ఆరు వారాలైనా కుంటుతున్న అబ్బాయి గురించి మీరు అడిగినదానికి
కుంటడానికి కండబలం తగ్గడం కంటే, మోకాలు పూర్తిగా చాపలేకపోవడమే అసలు కారణం కావచ్చు. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెట్టుకుంటున్నాడన్నారు కదా, ముందు అది తీసేయండి. హాయిగానే ఉంటుంది, కాని కీలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది.

1. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి. మోకాలి వెనుక ఏ ఆధారమూ ఉండకూడదు. 10 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. చాలామంది వదిలేసేది ఇదే. అందరి ధ్యాసా మోకాలు ఎంత వంగిందన్న దానిమీదే.
2. అలాగే ఉంచి తొడ కండరం 5 సెకన్లు బిగించాలి, 10 సార్లు.
3. ఈ వారమే ఫిజియోకు చెప్పండి. చాపేటప్పుడు ముందువైపు ఏదో అడ్డుతగిలినట్టుంటే సర్జన్‌కు చూపించండి. లోపల మచ్చ కణజాలం పెరిగి ఉంటే వ్యాయామంతో పోకపోవచ్చు.

కోచ్ ఎంత తొందరపెట్టినా సర్జరీ అయిన 9 నెలలలోపు మ్యాచ్ వద్దు.