జర్మన్‌లో "నీకు ఎండ ఇష్టమా, చలి ఇష్టమా?" అని మామూలు కబుర్లలో ఎలా అడుగుతారు?

పాఠ్యపుస్తకాల్లో కనిపించే "వెల్షెస్ వెటర్ మాక్స్ట్ డూ?" (నీకు ఏ వాతావరణం ఇష్టం?) వ్యాకరణపరంగా సరైనదే. బస్టాప్‌లో ఉన్నట్టుండి అడిగితే మాత్రం ఇంటర్వ్యూ ప్రశ్నలా ఉంటుంది. ముందు ఆ రోజు గురించి ఒక మాట అనండి: "గన్ట్స్ షోన్ కల్ట్ హొయ్‌టె, ఓడర్?" అంటే "ఇవాళ చలి గట్టిగానే ఉంది కదా?" అని. చివరి "ఓడర్" అచ్చం మన "కదా" పని చేస్తుంది. "షోన్"కి ఇక్కడ అందంతో సంబంధం లేదు, "బాగానే" అన్నట్టు.

అవతలివాళ్లు ఏదో ఒకటి అంటారు. అప్పుడు అడగండి: "వస్ ఇస్ట్ డియర్ లీబర్, జొమర్ ఓడర్ వింటర్?" ఎండాకాలమా, చలికాలమా, నీకు ఏది ఎక్కువ ఇష్టం అని. పక్కింటి పెద్దావిడనో, ఇంకా "డూ" (నువ్వు) అనుకోనివాళ్లనో అడిగేటప్పుడు "డియర్" (నీకు) తీసేసి "ఈనెన్" (మీకు) పెట్టాలి. జవాబు "మియర్ ఇస్ట్ డేర్ వింటర్ లీబర్. ఉంట్ డియర్?" (నాకు చలికాలమే ఎక్కువ ఇష్టం. మరి నీకు?). ఇక్కడ చాలామంది అలవాటుగా "ఉంట్ డూ?" అనేస్తారు. ప్రశ్న "నీకు"తో మొదలైంది కాబట్టి తిరిగి అడిగేదీ "మరి నీకు?" అనే ఉండాలి, "మరి నువ్వు?" అని కాదు.

ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులోంచి ఆలోచిస్తే ఈ భాగం తేలిక. "నాకు చలిగా ఉంది" అన్నదాన్ని మాటకు మాట పెడితే "మియర్ ఇస్ట్ కల్ట్" వచ్చేస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో "ఇష్ బిన్ కల్ట్" అంటే మనసు లేని మనిషిననే అర్థం రావచ్చు. "ఇష్ బిన్ హైస్" ఇంకా ప్రమాదం, అది కామానికి సంబంధించిన మాట. ఉక్కగా ఉంటే "మియర్ ఇస్ట్ హైస్" అనండి.

అయితే "ఇష్టం" దగ్గర తెలుగే ముంచుతుంది. "నాకు వాన ఇష్టం" కదా అని "మియర్ మాక్" అనకూడదు, "ఇష్ మాక్ రేగెన్" అనాలి, "నేను" రూపంతో. వాన, మంచు లాంటివాటికి మామూలుగా ఆర్టికల్ అక్కర్లేదు. కాలాలకు పెడతారు: "మాక్స్ట్ డూ డెన్ వింటర్?" మర్యాదగా ఉంటుందని "మాక్" బదులు "మోష్టె" వాడకండి, అది "నాకు వాన కావాలి" అని ఆర్డరిచ్చినట్టు అవుతుంది.

"మంచు పడుతుంటే నాకిష్టం" అనడానికి "ఇష్ మాక్ ఎస్, వెన్ ఎస్ ష్నైట్". మొదటి "ఎస్" మాటల్లో కొందరు వదిలేస్తారు గానీ రెండోది ఎవరూ వదలరు. క్రియ చివరికి పోతుంది, అది మనకు అలవాటే. పని మీద ఇష్టమైతే "గెర్న్": "గేస్ట్ డూ గెర్న్ ఇమ్ రేగెన్ ష్పట్సీరెన్?" వానలో నడవడం నీకిష్టమా అని.

కోస్తావాళ్లకు తప్పక అవసరమయ్యే మాట ఉక్కపోత. జర్మన్‌లో "ష్వ్యూల్". దీన్ని "ష్వూల్" అని పలికితే స్వలింగ సంపర్కుడైన మగవాడు అని అర్థం! తెలుగులో ఆ అచ్చు లేదు. నాలుకను "ఈ" అన్నప్పుడు ఉండే చోటే ఉంచి, పెదాలు మాత్రం "ఊ"కి ముడిచినట్టు ముడవండి. నాలుక వెనక్కి జారిందంటే రెండో మాట వచ్చేసినట్టే.

ఇంకొకటి. జర్మనీలో చాలా ఇళ్లలో ఏసీ ఉండదు, అందుకే 32 డిగ్రీలకే "మియర్ ఇస్ట్ ఎస్ ట్సు హైస్" (నాకిది మరీ వేడి) అంటారు. వెంటనే రెంటచింతల ఎండల లెక్కలు విప్పితే సంభాషణ అక్కడే ఆగుతుంది. "ఇష్ ఫిండె ఎస్ ఆంగెనేమ్", నాకు హాయిగానే ఉంది, అంటే చాలు. మీ ఊళ్లో ఎంతుంటుందో వాళ్లే అడుగుతారు.