యార్డులు దండిగా, పాయింట్లు కరువు: కాలేజ్ ఫుట్‌బాల్ లెక్కలపై మీ ప్రశ్నలు

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే జట్టు గురించి. 2025 సీజన్ మొదట్లో టెక్సస్ యూనివర్సిటీ ఆఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం) ఎందుకు తడబడింది అన్నదే అందరి సందేహం. ఆట కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 యార్డులు దాటడానికి 4 అవకాశాలుంటాయి, వాటినే డౌన్లు అంటారు. దాటితే మళ్లీ 4 వస్తాయి, దాన్నే ఫస్ట్ డౌన్ దొరకడం అంటారు. బంతిని అవతలి గోల్ లైన్ దాటిస్తే టచ్‌డౌన్. బంతి చేతికొచ్చినప్పటి నుంచి పోయేదాకా సాగేది ఒక డ్రైవ్, అందులో ఒక్కో ఎత్తుగడ ఒక ప్లే.

ప్రశ్న: ఆగస్టు 30న కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మీద మా జట్టు 336 యార్డులు చేసింది. వాళ్లు చేసింది 203. అయినా 14-7తో ఓడిపోయాం. సీజన్‌కు ముందు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్‌గా ఉన్న జట్టుకు ఇదేం లెక్క? (ఎం.ఎస్. విద్యార్థి, ఆస్టిన్)

మొత్తం యార్డులు చూస్తే మోసపోతారు. డ్రైవ్ ఎక్కడ ఆగిపోయిందో చూడండి. ఆ రోజు టెక్సస్ నాలుగో డౌన్‌లో 5 సార్లు తెగించి, ఒక్కసారే గట్టెక్కింది. మూడో క్వార్టర్‌లోనైతే గోల్ లైన్‌కు ఒక్క యార్డు దూరంలో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) ఆర్చ్ మానింగ్ బంతి పట్టుకుని ముందుకు తోసుకెళ్లబోతే డిఫెన్స్ అక్కడే ఆపేసింది. అంతదాకా నడిచొచ్చిన యార్డులన్నీ 336లో పడ్డాయి, స్కోరుబోర్డు మీద మాత్రం సున్నా.

ఇంకో తిరకాసు ఉంది. నాలుగో డౌన్‌లో విఫలమై బంతి అప్పగించడం బాక్స్ స్కోరు (మ్యాచ్ గణాంకాల పట్టిక)లోని టర్నోవర్ల గడిలోకి రాదు. మానింగ్ ఇచ్చిన ఒక్క ఇంటర్‌సెప్షన్ (పాస్‌ను ప్రత్యర్థి పట్టేసుకోవడం) అక్కడ కనబడుతుంది, విఫలమైన ఆ నాలుగూ కనబడవు. ఫలితం మాత్రం రెండింటిదీ ఒకటే, బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది.

కాబట్టి రెండు అంకెలు తీసిపెట్టుకోండి. ఒకటి, డ్రైవ్‌కు ఎన్ని పాయింట్లు. రెండోది, ప్రత్యర్థి 40 యార్డ్ లైన్ లోపల ఫస్ట్ డౌన్ దొరికిన డ్రైవ్‌లను మాత్రమే లెక్కేసి, ఒక్కోదానికి ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది. మొదటిది తక్కువగా ఉండి రెండోది బాగుంటే జట్టు అక్కడిదాకా చేరలేకపోతోందని అర్థం. రెండోది తక్కువైతే చేరి కూడా ముగించలేకపోతోంది. కొలంబస్‌లో జరిగింది ఈ రెండో రకం. అదే జట్టు అక్టోబరులో కెంటకీ మీద కేవలం 179 యార్డులతో ఓవర్‌టైమ్‌లో 16-13తో నెగ్గింది. యార్డుల అంకెనే నమ్ముకుంటే ఈ రెండు ఫలితాలూ తలకిందులుగా ఉండాల్సింది.

ప్రశ్న: ఫ్లోరిడాతో ఆటలో మానింగ్ ఒక్కో పాస్‌కు సగటున 9 యార్డులు సాధించాడు. అంటే పాసింగ్ బాగున్నట్టే కదా? రన్నింగ్ వల్లే ఓడామా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

29 పాస్ ప్రయత్నాల్లో 263 యార్డులు. భాగిస్తే 9.07, మీ లెక్క కరెక్టే. రన్నింగ్‌లో, అంటే బంతి పట్టుకుని పరుగెత్తడంలో, జట్టు మొత్తానికి వచ్చింది 52. పైకి చూస్తే మీ తీర్పే సరిపోతుంది. కానీ ఇక్కడ కాలేజీ లెక్కల పద్ధతి ఒకటి తెలియాలి. పాస్ వేద్దామని వెనక్కి తగ్గిన క్వార్టర్‌బ్యాక్‌ను డిఫెన్స్ పడగొడితే దాన్ని శాక్ అంటారు. ప్రొఫెషనల్ లీగ్‌లో శాక్ నష్టాన్ని జట్టు పాసింగ్ యార్డుల్లోంచి తీసేస్తారు. కాలేజీలో రన్నింగ్‌లోంచి తీసేస్తారు. ఆ రోజు మానింగ్‌కు 6 శాక్‌లు పడ్డాయి. పాసింగ్ చేసిన తప్పును రన్నింగ్ ఖాతాలో రాశారన్నమాట.

సరిదిద్దడం తేలికే. పాస్ ప్రయత్నాలకు శాక్‌లు కలపండి: 29కి 6 కలిపితే 35. శాక్‌లో పోయిన యార్డులను పాసింగ్‌లోంచి తీసి, రన్నింగ్‌కు తిరిగి ఇవ్వండి. యార్డులు ఇంకా తీయకముందే 263ను 35తో భాగిస్తే 7.5కు పడిపోతుంది. ఒక్కో శాక్‌కు 7 యార్డులు పోయాయనుకుంటే (ఇది ఉదాహరణకే, అసలు అంకె ప్లే-బై-ప్లే అనే ఒక్కో ప్లే చిట్టాలో ఉంటుంది) పాసింగ్ 6.3కు దిగి, రన్నింగ్ 52 నుంచి 94కు ఎక్కుతుంది. 29-21 ఓటమి మొత్తాన్నీ రన్నింగ్ మీద తోసేయడం అప్పుడు కుదరదు.

ప్రశ్న: ఇవన్నీ సొంతంగా లెక్క కట్టుకోవాలంటే ఎలా? ఎక్సెల్ వచ్చు, ఆట కొంచెం తెలుసు. (డేటా సైన్స్ విద్యార్థిని, హైదరాబాద్)

కాలేజ్‌ఫుట్‌బాల్‌డేటా డాట్ కామ్‌లో ఉచిత కీ (డేటా తీసుకోవడానికి ఇచ్చే కోడ్) తీసుకుంటే ప్రతి ప్లే విడివిడిగా దొరుకుతుంది. ఆర్ భాష వచ్చినవాళ్లకు సీఎఫ్‌బీఫాస్ట్‌ఆర్ ప్యాకేజీ ఉంది. ఒకటి రెండు మ్యాచ్‌లకైతే జట్టు అధికారిక సైట్‌లోని ప్లే-బై-ప్లే చూసి చేత్తో ఎక్కించుకున్నా గంటన్నరలో పనైపోతుంది.

ఒక్కో ప్లేకు ఒక వరుస. గడులు: డౌన్, ఇంకా కావాల్సిన యార్డులు, మైదానంలో ఎక్కడ, రన్ లేదా పాస్, వచ్చిన యార్డులు, డ్రైవ్ నంబర్, అప్పటి స్కోరు. పక్కన ‘సక్సెస్’ అని మరో గడి. మొదటి డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం వస్తే 1 వేయండి. రెండో డౌన్‌లో 70 శాతం రావాలి. మూడు, నాలుగు డౌన్లలో పూర్తిగా రావాలి. లేకపోతే 0. ఈ గడి సగటే సక్సెస్ రేట్. బిల్ కానెలీ తన విశ్లేషణల్లో వాడి ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇదే. మామూలు కాలేజీ జట్టుకు ఇది 40 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

లెక్క తప్పేది సూత్రం దగ్గర కాదు, వరుసలు ఏరేటప్పుడు. గడియారం కరిగించడానికి క్వార్టర్‌బ్యాక్ మోకాలి మీద కూర్చునే ప్లేలు, టైమ్ ఆపడానికి బంతిని నేలకు కొట్టే స్పైక్‌లు తీసేయండి. పెనాల్టీతో రద్దయిన ప్లేలూ అంతే. శాక్‌లను, పాస్ కుదరక క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తిన స్క్రాంబుల్స్‌ను పాస్ కిందికి మార్చండి, ఎందుకంటే కోచ్ పిలిచింది పాస్ ప్లేనే. డిఫెన్స్, రిటర్న్ టచ్‌డౌన్లు ఆఫెన్స్ పాయింట్లలో కలవకూడదు. ఓవర్‌టైమ్‌లో బంతి నేరుగా ప్రత్యర్థి 25 యార్డ్ లైన్ మీద మొదలవుతుంది కాబట్టి ఆ డ్రైవ్‌లు పక్కన పెట్టండి. స్కోరు తేడా 4 టచ్‌డౌన్లు దాటాక మొదటి వరుస ఆటగాళ్లు బెంచీ ఎక్కుతారు, ఆ భాగం కూడా మనకు అనవసరం.

ఇప్పుడు పివట్ టేబుల్ వేసి, డౌన్ల వారీగా విడగొట్టండి. మూడో డౌన్ శాతం తక్కువ అని టీవీలో తెగ చెబుతుంటారు. దాన్నే పట్టుకోకండి. మూడో డౌన్‌లో కావాల్సిన దూరాన్ని 1-3, 4-6, 7 ఆపైన అని మూడు కుప్పలు చేయండి. మూడో కుప్పలోనే ఎక్కువ ప్లేలు పడుతుంటే రోగం మూడో డౌన్‌ది కాదు, మొదటి డౌన్‌లో రన్ ఒక యార్డుకే ఆగిపోవడంలో ఉంది. రన్‌లలో సున్నా లేదా అంతకంటే తక్కువ వచ్చినవి ఎంత శాతమో కూడా చూస్తే, ముందు నిలబడి డిఫెన్స్‌ను అడ్డుకునే ఆఫెన్సివ్ లైన్ పరిస్థితి తెలిసిపోతుంది.

ప్రశ్న: మరి ఎన్ని మ్యాచ్‌లు చూశాక అంకెల్ని నమ్మాలి? (ఫ్రిస్కో)

ఒక్క మ్యాచ్‌లో ఆఫెన్స్‌కు 65 ప్లేలు వచ్చాయనుకోండి. అసలు సామర్థ్యం 42 శాతం ఉన్న జట్టు కేవలం అదృష్టం వల్ల 30కీ 54కీ మధ్య ఎక్కడైనా తేలొచ్చు. నాలుగు మ్యాచ్‌లైతే ఆ ఊగిసలాట ప్లస్ ఆర్ మైనస్ 6కు తగ్గుతుంది. మూడో డౌన్‌లు మ్యాచ్‌కు 13 దాకానే ఉంటాయి, అక్కడ ఊగిసలాట ప్లస్ ఆర్ మైనస్ 27 శాతం పాయింట్ల దాకా పోతుంది. ఒక్క శనివారం మూడో డౌన్ శాతం చూసి కోచ్ స్టీవ్ సార్కీషియన్‌ను తీసేయమనడం అన్యాయం.

ప్రత్యర్థి ఎవరన్నది ఇంకా పెద్ద విషయం. మానింగ్ మొదటి నాలుగు మ్యాచ్‌ల మొత్తం: 106 ప్రయత్నాల్లో చేరిన పాస్‌లు 65, 888 యార్డులు, ప్రయత్నానికి 8.4. చూడ్డానికి ముచ్చటగా ఉంది. విడగొడితే ఒహాయో స్టేట్ మీద 30కి 17, 170 యార్డులు. శాన్ హోసే స్టేట్ మీద 30కి 19, 295. యూటెప్ (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) మీద 25కు 11, 114. శామ్ హ్యూస్టన్ మీద 21కి 18, 309. ఆ చివరిది 55-0తో నెగ్గిన మ్యాచ్. దాన్ని తీసేస్తే మిగిలేది 85కు 47, అంటే 55 శాతం, ప్రయత్నానికి 6.8. పసికూన జట్టు మీద కొట్టిన సెంచరీతో బ్యాటింగ్ సగటు పెరిగినట్టే ఇది. సగటు ఇచ్చేటప్పుడు పక్కనే మధ్యస్థం కూడా రాయడం మంచిది. అంతకన్నా ఆందోళన పడాల్సింది యూటెప్ మ్యాచ్ గురించి. బలహీనమైన డిఫెన్స్ మీద 4.6 రావడాన్ని ప్రత్యర్థి గొప్పతనంతో వివరించలేం.

ప్రశ్న: ఇంత పేరున్న జట్టు సీజన్ మొదట్లోనే ఎందుకు తడబడుతుంది?

కాలేజీలో ప్రీ-సీజన్ మ్యాచ్‌లు ఉండవు. మొదటి ఆటే అసలు ఆట. టెక్సస్‌కు 2024 ఆఫెన్సివ్ లైన్‌లోని ఐదుగురు స్టార్టర్లలో నలుగురు వెళ్లిపోయారు. వాళ్లలో కెల్విన్ బ్యాంక్స్, ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 9వ ఎంపిక. క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్, పాస్‌లు అందుకునే రిసీవర్ మాథ్యూ గోల్డెన్ కూడా జట్టు వదిలి వెళ్లారు. డిఫెన్స్ నుంచి ఎవరు దూసుకొస్తే ఎవరు అడ్డుకోవాలో లైన్‌మెన్ కళ్లతోనే మాట్లాడుకునే స్థితికి రావాలంటే నిజమైన మ్యాచ్‌లు పడాలి.

ప్రశ్న: 2022 నాటి మ్యాచ్‌ యార్డులతో ఇప్పటివి పోల్చవచ్చా?

నేరుగా వద్దు. 2023 నుంచి ఫస్ట్ డౌన్ వచ్చాక గడియారం ఆగడం లేదు, ప్రతి హాఫ్‌లో చివరి 2 నిమిషాల్లో తప్ప. దాంతో ప్లేలు తగ్గాయి. ప్లేకు ఎన్ని యార్డులో, డ్రైవ్‌కు ఎన్ని పాయింట్లో పోల్చుకోండి.