పది లక్షలు పెట్టి మీడియా చదువు చదివించాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. ఎకరంన్నర కొబ్బరి తోట, కొంచెం కౌలు వ్యవసాయం. మా అమ్మాయి ఇంటర్ పాసైంది. వ్యాసరచన పోటీ ఎక్కడ పెట్టినా ప్రైజు తనదే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ బీఏ చేస్తానంటోంది. మూడేళ్ల కోర్సు. ఫీజు ఏడాదికి 2,40,000, హాస్టలు 1,20,000. ఆరు లక్షలు బ్యాంకు లోను పెట్టి, మిగతాదానికి రోడ్డు పక్కనున్న పది సెంట్లు అమ్ముదామని చూస్తున్నాను. మా బావమరిది ‘యాంకర్లు లక్షలు సంపాదిస్తున్నారు, చేర్పించు బావా’ అంటాడు. మా ఆవిడేమో ‘బీటెక్ అయితే సంబంధాలన్నా వస్తాయి’ అంటుంది. డబ్బు పరంగా ఈ చదువుకి విలువుందా? – ఒక తండ్రి, కోనసీమ

జవాబు: ఆ పది సెంట్ల బేరం ఒక నెల ఆపండి బాబుగారూ. ముందు లెక్క చూద్దాం.

మీరు రాసిన అంకెల ప్రకారం మూడేళ్లకి 10,80,000. అందులో లోను ఆరు లక్షలు. ఏడాదికి రెండేసి లక్షల చొప్పున తీసుకున్నారనీ, వడ్డీ పది శాతమనీ అనుకుందాం. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదని బ్యాంకువాళ్లు చెబుతారు. నిజమే, కానీ వడ్డీ ఆగదు. ఆ నాలుగేళ్లలో అది దగ్గర దగ్గర 1,80,000 అవుతుంది. అసలుతో కలిపి 7,80,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకి పది వేల పైన కట్టాలి. ఎప్పటి వడ్డీ అప్పుడు మీరే కట్టేసుకుంటూ వస్తే వాయిదా 7,900 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అమ్మాయి సంపాదన. నేను పత్రిక డెస్కులో, అంటే వచ్చిన వార్తలు దిద్దే విభాగంలో, ఉన్న చివరి రోజుల్లో కొత్తగా చేరిన పిల్లలు నాకు చూపించిన జీతాలు పదిహేను వేలకీ ఇరవై వేలకీ మధ్య ఉండేవి. హైదరాబాద్‌లో ఇంగ్లీషు బాగా రాసేవాళ్లకి కంపెనీల ప్రచారం చూసే పీఆర్ ఏజెన్సీలు ఇంకాస్త ఎక్కువే ఇస్తాయి. అందులో హాస్టలు, తిండి, బస్సు పాసు పోగా పది వేల వాయిదా ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ కొబ్బరి తోట నుంచే రావాలి.

యాంకర్ల సంగతి మీ బావమరిదికి ఇలా చెప్పండి. తెర మీద ఒక అమ్మాయి కనబడుతుంటే, వెనకాల రాత్రి రెండింటికి టీ తాగుతూ తెర కింద పరిగెత్తే వార్తల లైన్లు, అవే స్క్రోలింగులు, కొట్టేవాళ్లు ఇరవై మంది ఉంటారు. మన కాలవల మీద మొదట్లో ఉన్న చేలకీ శివారు చేలకీ నీరు అందడంలో ఎంత తేడా ఉంటుందో, ఈ రంగంలో డబ్బు అందడంలోనూ అంతే తేడా.

ఇంత నిష్ఠూరంగా రాస్తున్నానని చదువు దండగంటానని అనుకోకండి. నేను ఆ చదువు చదివినవాణ్నే. మాది పాలకొల్లు పక్క ఊరు. 1991లో ఒక పత్రికకి విలేకరిగా చేరాను. రాసిన వార్తలు కవర్లో పెట్టి, సాయంత్రం బస్సు కండక్టరుని బతిమాలి రాజమండ్రి పంపేవాణ్ని. నెలాఖరుకి అచ్చయిన ముక్కలన్నీ కత్తిరించి, కాగితాలకి అంటించి, స్కేలు పెట్టి కొలిచి ఆఫీసుకి పంపాలి. దాన్ని లైన్ అకౌంట్ అంటారు, ఆ కొలతని బట్టే డబ్బు. మొదటి నెల నాకు వచ్చింది ఎనభై ఆరు రూపాయలు. కండక్టర్ల టీ ఖర్చే అంతకంటే ఎక్కువయింది. సంక్రాంతికీ ఆగస్టు పదిహేనుకీ ప్రకటనలు తెమ్మని టార్గెట్ పెట్టేవారు. ఆ టార్గెట్ కోసం రైసు మిల్లుల గుమ్మాల్లో నిలబడ్డ మధ్యాహ్నాలు ఇప్పటికీ గుర్తే.

మూడేళ్లకి విసుగెత్తి, అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఉస్మానియా యూనివర్సిటీకి వెళ్లి బీసీజే, అంటే జర్నలిజం డిగ్రీ, చదివాను. డిగ్రీ తర్వాత ఒక్క ఏడాది కోర్సు. అది అయ్యాక ఒక పత్రిక డెస్కులో ఉద్యోగం వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ పరీక్షలో వాళ్లు ఇచ్చింది ఒక వార్తా సంస్థ పంపిన ఇంగ్లీషు వార్త, దాన్ని తెలుగు చెయ్యమన్నారు. ఇంకో వ్యాసం. అంతే. బీసీజే సర్టిఫికెట్టు చేరిన రోజు దాకా ఎవరూ అడగలేదు.

అలాగని అది ఊరికే పోలేదు. ఒక రాత్రి మా జిల్లా పేజీలో ఒక సర్పంచి అరెస్టు వార్త వచ్చింది. విలేకరి ఆయన్ని ‘దొంగ సర్పంచి’ అని రాసి పంపాడు. క్లాసులో చదివిన పరువునష్టం పాఠం గుర్తొచ్చి ‘నిందితుడు’ అని మార్చాను. రెండేళ్లకి ఆ కేసు కొట్టేశారు. ఆ ఒక్క మాట వల్ల మా పత్రికకి కోర్టు ఖర్చు ఎంత మిగిలిందో నేనెప్పుడూ లెక్క కట్టలేదు, వాళ్లూ కట్టలేదు. నా జీతమైతే పెరగలేదు!

ఈ డిగ్రీ కాగితం నిజంగా లేకపోతే కుదరని చోట్లు కొన్నే. కాలేజీలో ఈ సబ్జెక్టు చెప్పాలంటే పీజీ, దానిమీద యూజీసీ నెట్ లాంటి అర్హత పరీక్ష కావాలి. సర్కారు వారి సమాచార పౌరసంబంధాల శాఖలో, ప్రభుత్వ రంగ సంస్థల పీఆర్ విభాగాల్లో పోస్టులు పిలిచినప్పుడు జర్నలిజం చదివినవాళ్లకి దారి ఉంటుంది. జీతం బాగుంటుంది, పోస్టులే తక్కువ. మిగతా చోట్ల పని చూస్తారు. మా మేనల్లుడు వీడియో ఎడిటింగ్ నేర్చుకుని పాలకొల్లులో కూర్చున్నాడు. కోనసీమ కాలవగట్ల మీద ప్రీవెడ్డింగ్ షూట్లు, డ్రోన్ షాట్లు. ముహూర్తాల నెలల్లో నా పెన్షన్‌కి మూడింతలు తెస్తాడు. మూఢం వచ్చిందంటే మా ఇంట్లోనే భోజనం. అతన్ని డిగ్రీ ఏమిటని పెళ్లివాళ్లు ఎవరూ అడగలేదు.

అందుకని నా మాట ఇది. ఈ చదువు చదివించండి, ఆ ధరకి మాత్రం వద్దు. అమ్మాయిని రాజమండ్రి ప్రభుత్వ కాలేజీలో బీఏలో చేర్పించండి. 1853 నుంచి నడుస్తున్న కాలేజీ అది. తెలుగుతో పాటు ఎకనమిక్సో పాలిటిక్సో తీసుకోమనండి. రాసేవాళ్లకి రాయడానికి ఏదో ఒక విషయం తెలిసుండాలి కదా. ఈ మూడేళ్లలో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి రోజుకో పేజీ అనువాదం చెయ్యమనండి. తర్వాత జర్నలిజం పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, నాగార్జున ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి సీటు తెచ్చుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. మీరు రాసిన ఒక్క ఏడాది ఫీజుతో అక్కడ రెండేళ్లూ హాస్టలుతో సహా గడిచిపోతాయి. లోను అవసరమైనా నాలుగు లక్షల లోపల అయితే సాధారణంగా పొలం కాగితాలు పెట్టమని అడగరు.

అమ్మగారి మాటకీ ఒక జవాబు. సంబంధాల కోసం బీటెక్ చేర్చి, సబ్జెక్టులు మిగిలిపోయి ఇంటి దగ్గరున్న పిల్లల్ని మీ ఊళ్లోనే ఆవిడ లెక్కపెట్టగలరు. రాసే పిల్ల లెక్కలతో ఎందుకు కుస్తీ పట్టాలి?

ఈ సెలవుల్లో అమ్మాయికి ఒక పని చెప్పండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లి, కాయ ధర ఎవరు ఎలా కడుతున్నారో అడిగి తెలుసుకుని, మూడొందల మాటల్లో రాయమనండి. ఫోనుతో రెండు నిమిషాల వీడియో కూడా. దళారులు మొదట కసురుకుంటారు, అయినా రెండోరోజు వెళ్తుందా లేదా చూడండి. వెళ్తే ఆ రాసినది నాకు పంపండి, ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపుతాను.

ప్రశ్న: నేను రాజోలులో ఒక ఛానల్‌కి నాలుగేళ్లుగా స్ట్రింగర్‌ని, అంటే నెల జీతం లేని విలేకరిని. బీకాం చదివాను. దూరవిద్యలో జర్నలిజం పీజీ చేస్తే జీతం పెరుగుతుందా? – ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడున్న ఛానల్లో పెరగదు తమ్ముడూ. వాళ్లు నీ డిగ్రీకి కాదు, స్టోరీకి ఇంత అని కదా ఇస్తున్నది. డెస్కుకి మారే ఉద్దేశం ఉంటే చెయ్యి, ఫీజు తక్కువే కాబట్టి నష్టం లేదు. దానికంటే ముందు ఒక నెలపాటు బండి పెట్రోలు, ఫోను రీచార్జి ఒక పుస్తకంలో రాసి, వచ్చిన డబ్బు పక్కన వేసి చూడు. చాలామంది ఈ లెక్క చూడకుండానే పదేళ్లు లాగించేస్తారు, ప్రెస్ కార్డు ఉందన్న గౌరవంతో. కెమెరా పని చేతిలో ఉంది కాబట్టి భీమవరం వైపు రొయ్యల మేత కంపెనీలు పెట్టే రైతు మీటింగుల వీడియోలు అడిగి చూడు, రోజు లెక్కన ఇస్తారు. ఆ పనికి వెళ్లేటప్పుడు ఛానల్ లోగో ఉన్న మైకు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లు. రేపు అదే కంపెనీ మేత తిని చెరువు పోయిందని రైతు ఫోను చేస్తే, ఆ వార్త రాయాల్సిందీ నువ్వే.